శూన్యమాసమున బందరు

ఆంధ్రదేశమున ఆషాఢము శూన్యమాసము. పెండ్లిండ్లు లేవు, గృహప్రవేశములు లేవు, క్రొత్త కోడలు పుట్టినింటికి పోవును, మిఠాయి యంగళ్లలో బేరము సన్నగిల్లును. బందరునకు ఈ మాసము మఱింత శూన్యము. కార్తిక పూర్ణిమనాడును, మాఘ పూర్ణిమనాడును మంగినపూడి తీరమున సముద్రస్నానమునకు వేలకొలది జనులు దిగుదురు. చిలకలపూడి పాండురంగస్వామి యుత్సవమునకు పొరుగు మండలములనుండియు భక్తులు వత్తురు. ఆ దినములలో వచ్చినవాడు జనమును చూచును, దైవమును చూచును, సముద్రమును చూచును. పట్టణమును మాత్రము చూడడు. పట్టణమును చూడగోరువాడు ఎవరును రాని దినములలో, తోడెవరును లేకుండ రావలెను. ఈ యభిప్రాయముతోనే నేను ఆషాఢమున విజయవాడనుండి సుమారు 70 కిలోమీటర్లు బస్సులో వచ్చి, నాలుగు దినములు బందరులో ఒంటరిగా తిరిగితిని.

లాడ్జిలో గది యిచ్చిన గుమాస్తా నా పేరు, ఊరు వ్రాసికొని, "ఒక్కరేనా అండీ? ఏం పని మీద వచ్చారండీ?" అని యడిగెను. పని యేమియు లేదనియు, ఊరు చూచుటకు వచ్చితిననియు చెప్పితిని. అతడు కలమును బల్లమీద పెట్టి, "మా ఊళ్లో చూడ్డానికేముందండీ? కార్తీకంలో రావలసింది," అనెను. ఆ మాటలో ఎగతాళి లేదు, విచారమును లేదు. వాన వచ్చునట్లున్నదని చెప్పినంత తేలికగా చెప్పెను. కాని, 400 ఏండ్ల క్రిందట ఈ యూరి సరకు కొనుటకు సగము ప్రపంచము ఈ తీరమున లంగరు దింపినదని యెఱిగినవానికి ఆ మాట చెవిలో ముల్లువలె గ్రుచ్చుకొనును.

'బందరు' అను మాటయే పారసీకము. ఓడరేవని దాని యర్థము. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ అను గ్రంథమున మసలియా యను దేశమును, అచట విస్తారముగ నేయు సన్నని వస్త్రములును పేర్కొనబడినవి. అది కృష్ణా ముఖద్వార ప్రాంతమే యని పండితుల యభిప్రాయము. గోలకొండ సుల్తానుల కాలమున వారి రాజ్యమంతటికిని ఇదియే పెద్దరేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇచట వర్తకశాలలు పెట్టిరి. 1652లో వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు బంగాళాఖాతమున ఇంత మంచి లంగరుతావు మఱియొకటి లేదని తలచెను. పెగూ, సయాము, అరకాను, సుమత్రా, హొర్ముజు, మక్కా యాత్రికులు దిగు రేవులు — వీనియన్నిటికిని ఇచటినుండి యోడలు సాగెడివి. మనవారు తఱచుగా మఱచు సంగతి యొకటి కలదు. చెన్నపట్టణము పుట్టకముందు కోరమండలు తీరమున ఇంగ్లీషువారి ముఖ్యస్థానము బందరే. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు వారికి చెన్నపట్టణపు టిసుకనేల నిచ్చిన పిమ్మట, 1641లో ఆ ముఖ్యస్థానము సెంటు జార్జి కోటకు తరలిపోయెను.

మొదటి దినము కోటకు పోయితిని. అది యూరికి ఆగ్నేయమున సుమారు 3 కిలోమీటర్ల దూరమున, సముద్రపు ప్రక్కను ఉన్నది. ఆటో నడుపు కుఱ్ఱవాడు, "కోటకా? అక్కడేం లేదండీ, ముళ్లచెట్లు తప్ప," అని బేరమునకే రాలేదు. నడచి పోయితిని. ఒంటరి బాటసారికి నడక యొక లాభము; ఊరు ఎచట ముగియుచున్నదో, ఉప్పుపఱ్ఱ ఎచట ఆరంభమగుచున్నదో కాళ్లకు తెలియును. ఇండ్లు పలుచబడినవి. నేల తెల్లబాఱినది. గాలిలో చేపల వాసనయు, బురద వాసనయు కలసి వచ్చినవి. ఇటుక గోడలు, కమానులు, సర్కారుతుమ్మ పొదలు, నిలిచిన వాననీటిలో కొంగలు — నేడు కోట యనగా ఇంతియే. పురావస్తుశాఖవారి రక్షణలో నున్నదని బోర్డు చెప్పుచున్నది. బోర్డును ఎవరు రక్షింతురో తెలియదు. దాని సగము అక్షరములను ఉప్పుగాలి తినివేసినది.

1759 ఏప్రిల్ 7వ తేది రాత్రి తెల్లవాఱులోపల ఈ కోటను కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి పట్టుకొనెను. చరిత్ర పుస్తకములలో ఇది ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని జరిగిన యుద్ధమని వ్రాసియుండును. రెండు సేనలలోను సిపాయిలు మనవారే. ఇటు చచ్చినవాడును, అటు చచ్చినవాడును ఈ దేశపు తల్లి బిడ్డలే. ఎవరి కొఱకు చచ్చిరో వారికి తెలిసియుండునా యని సందేహము. ఆ రాత్రి ఫలితముగా సలాబతు జంగు ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారి పక్షము చేరెను. కొన్ని యేండ్లలో ఉత్తర సర్కారులలో చాలభాగము వారి వశమైనది. తెలుగుదేశపు తీరము చేతులు మాఱిన చోటు ఈ ముళ్లపొదల నడుమ నున్నది. ఆ మధ్యాహ్నము అచట నేనును, రెండు మేకలును తప్ప మఱెవ్వరును లేము.

డచ్చివారి శ్మశానము వేఱు తీరుగ నున్నది. పదునేడవ శతాబ్దిలో ఇచట చచ్చిన ఆ దేశపు వర్తకులకును, వారి యాలుబిడ్డలకును పఱచిన పెద్ద పెద్ద రాతిపలకలు, వానిపై వంశచిహ్నములు, పూలతలు, తీర్చిదిద్దిన అక్షరములు. 1897లో అలెగ్జాండరు రీ యను పురావస్తు పండితుడు తెలుగు, తమిళ తీరములందలి యీ డచ్చి కట్టడములన్నిటిని పరిశీలించి గ్రంథముగ ప్రకటించెను. నాకు డచ్చిభాష రాదు. అయినను పేరును, సంవత్సరమును చదువుటకు భాష యక్కఱలేదు. స్వదేశమునకు వేలకొలది మైళ్ల దూరమున ఉక్కకును, జ్వరమునకును బలియైన మానవుల యెడ నాకు పగ లేదు. పసిబిడ్డల సమాధులముందు ఎవనికైనను మనసు కరగును. కాని, అచట నిలిచియుండగా ఒక లెక్క మనసున మెదలినది. ఆ వర్తకుల నిచటికి రప్పించిన దేది? బందరు గుడ్డ. ఆ గుడ్డను నేసినవారు, అద్దినవారు, పాఱునీటిలో ఉతికినవారు వేలకొలది యుండిరి. కొన్నవాని పేరు మూడున్నర శతాబ్దములనుండి రాతిపై నున్నది. చేసినవాని పేరు ఎచట నున్నది?

మఱునాడు పేటలు తిరుగుచుండగా ఈ లెక్క ఇంకను పెరిగినది. వలందపాలెము డచ్చివారిది; 'వలందు' అనగా హాలెండు. పరాసుపేట ఫ్రెంచివారిది, పరాసులని మన పూర్వులు వారిని పిలిచిరి. ఇంగ్లీషుపాలెము ఎవరిదో చెప్పనక్కఱలేదు. రాబర్ట్‌సనుపేట మఱియొక దొరది. బందరులో ఫ్రెంచివారికి మిగిలిన చిన్న నేలచెక్క 1947 అక్టోబరు వఱకు వారి జెండా క్రిందనే యుండి, స్వాతంత్ర్యము వచ్చిన రెండు మాసములకు గాని మనకు దక్కలేదని ఎందఱికి తెలియును? పేర్లను మార్పుమని నేను చెప్పను. 'వలందు' అను మాటలో మన నోరు పరభాషను నమలి మింగిన రుచి యున్నది. దానిని చెఱపుట తెలివితక్కువ. నేను కోరునది క్రొత్తపేర్లు కాదు, మఱవబడిన పేర్ల కొఱకు కొంచెము చోటు.

మధ్యాహ్నము వాన పట్టగా ఒక మిఠాయి యంగడిలో తల దాచుకొంటిని. లోపల నొకడు రోటిలో తొక్కుడు లడ్డునకు పిండి దంచుచుండెను. సెనగపిండిని చక్రములవలె వేయించి, దంచి, జల్లించి, బెల్లపుపాకమున కలిపి, నేయి పోయుచు మఱల దంచుదురు. పంటికి పలుకు తగులకుండ దంచినగాని అది బందరు లడ్డు కాదు. ఇది బుందేలుఖండమునుండి వచ్చి స్థిరపడిన బొందిలీలు తెచ్చిన విద్య యని చెప్పుదురు. బేరమెట్లున్నదని యడుగగా యజమాని, "శ్రావణం వచ్చేదాకా ఇంతేనండీ. పెళ్లిళ్లు లేవు గదా," అని నవ్వి, రుచికి ఒక యుండ చేతిలో పెట్టెను. ఓడలమీద వచ్చినవారు ఇచటినుండి కొనిపోయిరి. నేలదారిని నడచి వచ్చినవారు ఇచటికి ఒకటి తెచ్చి యిచ్చిరి. బందరు కథలో ఇదియు నొక పుట.

వేఱొక పుట మన కాలమునకు దగ్గఱది. రేవు చచ్చిన యూరు సాధారణముగ నిద్రపోవును, బందరు నిద్రపోలేదు. 1902లో ఇచట కృష్ణాపత్రిక పుట్టినది. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945 వఱకు దానిని నడపిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, అక్షరముతోబాటు మగ్గమును, కుంచెను విద్యార్థి చేతికిచ్చిరి. ఆ కళాశాలలో బోధించిన పింగళి వెంకయ్యగారు 1916లో భారత జాతీయ పతాకమును గూర్చి పుస్తకమే ప్రకటించిరి. వారి జన్మస్థానమగు భట్లపెనుమఱ్ఱు బందరునకు చేరువనే యున్నది. 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు లక్షరూపాయల మూలధనముతో ఆంధ్రా బ్యాంకును ఇచటనే తెఱచిరి. అది 2020 ఏప్రిల్ 1వ తేదిని యూనియన్ బ్యాంకులో లీనమైనది. సరకు ఎగుమతి చేసిన యూరు ఆలోచనను ఎగుమతి చేయ నేర్చినది. దీనిని గూర్చి ఇదివఱకే పలువురు వ్రాసిరి గనుక విస్తరింపను.

మూడవ దినము పెడనకు పోయితిని. బందరునకు సుమారు 10 కిలోమీటర్లు. బందరు అద్దకపు పని, అనగా కలంకారీ, నేడు ముఖ్యముగ ఆ చిన్న పట్టణముననే నిలిచియున్నది. పని యిట్లు సాగును. గుడ్డకు గంజి పోవునట్లు ఉతికి, కరక్కాయ నీటిలో ముంచి యారవేయుదురు. గుడ్డ లేతపసుపు దేరును. పాత యినుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది ఊరవేసిన నీటికి కసిమి యని పేరు. టేకు అచ్చును అందులో ముంచి యద్దగానే, కరక్కాయ యంటిన గుడ్డమీద కాటుకవంటి నలుపు తేలును. పటికనీరు అద్దినచోట ఆరంభమున ఏమియు కనబడదు. ఆ గుడ్డను పాఱునీటిలో జాడించి, వేళ్లతోను, బెరళ్లతోను పెద్ద కాగులో కాచినప్పుడు పటిక యంటినంత మేరయు ఎఱ్ఱబాఱును. తక్కిన చోటు తెల్లగ మిగులును. పూర్వము ఈ యెఱుపునకు తీరపు టిసుకనేలలలో పెరుగు చిరివేరు వాడెడివారు. ఒక్క గుడ్డకు ఎన్ని ముంపులో, ఎన్ని యుతుకులో, ఎన్ని యెండలో! నీరును, ఎండయు రెండును ఇందులో పనివాండ్రే. ఆ యిరువురిలో నొకరు రాకున్నను పని నిలిచిపోవును.

ఆనాడు ఎండ రాలేదు. కాలువగట్టున నలుగురు పనివాండ్రు మబ్బువైపు చూచుచు కూర్చుండిరి. వారిలో పెద్దయగు మేస్త్రి తన చేతులు చాచి చూపెను. గోళ్ల మొదళ్లలో ఎన్నటికిని పోని నలుపు. "మా నాన్న చేతులూ ఇంతేనండీ. మా తాత చేతులూ ఇంతే," అనెను. కుమారుడు ఈ పనికి రాడా యని యడిగితిని. "హైదరాబాదులో ఉన్నాడండీ. రానియ్యను కూడా. తెరమీద రసాయనం రంగు పూసి, గంటలో గుడ్డ తీసి, దానికీ కలంకారీ అనే పేరు పెట్టి అమ్ముతున్నారు. పది రోజుల పని గుడ్డకు ఆ రేటే ఇస్తానంటే ఏం తింటాం?" అతడు కోపముతో చెప్పలేదు గాని, ప్రక్కనున్న యువకుడు లేచి అవతలికి పోయెను.

బందరును 1864 ఉప్పెన చంపినదని సామాన్యముగ చెప్పుదురు. ఇది సగము సత్యము. తక్కిన సగము ఈ మేస్త్రి మాటలో నున్నది. మన అద్దకపు గుడ్డ చవుకయు, అందమును, ఉతికినను చెదరని రంగును కలదై ఐరోపా విపణిని ముంచివేయగా, అచటి నేతగాండ్రు గగ్గోలు పెట్టిరి. 1686లో ఫ్రాన్సు దానిని నిషేధించెను. 1700లో ఇంగ్లండు అద్దకపు గుడ్డను తన ప్రజలు వాడుకొనుటకై దిగుమతి చేయరాదని శాసించెను. 1721లో కట్టుటయే నేరమనెను. తమ పరిశ్రమను పన్నుగోడతో కాపాడుకొనుట తప్పని తరువాతి కాలమున మనకు అర్థశాస్త్రము బోధించినవారు ఈ జాతులవారే. ఇంతలో రహస్యమును నేర్చుకొనుట మానలేదు. 1742లో కేర్డూ అను ఫ్రెంచి జెస్యూటు గురువు, క్రైస్తవము పుచ్చుకొన్న అద్దకపువాండ్ర నడిగి, కరక్కాయ మొదలు పటిక వఱకు పని యంతయు అంచెలంచెలుగ వ్రాసి స్వదేశమునకు పంపెను. అతడు సామాన్యుడు కాడు. సంస్కృతమునకును లాటిను గ్రీకులకును గల చుట్టఱికమును సర్ విలియం జోన్సుకంటె ముందే గుర్తించిన పండితుడు, తెలుగు నేర్చినవాడు. 1759లో ఫ్రాన్సు నిషేధము నెత్తివేసెను. మఱుసటి యేడే ఓబెర్‌కాంఫ్ జూయీలో అద్దకపు కర్మశాల పెట్టెను. కేర్డూ పేరు, ఓబెర్‌కాంఫ్ పేరు గ్రంథములలో నున్నవి. పని చెప్పిన యద్దకపువాని పేరును ఎవరు తలతురు? పిమ్మట పందొమ్మిదవ శతాబ్దిలో లాంకషైరు మిల్లుగుడ్డ వచ్చి మిగిలిన పని ముగించెను. కృష్ణ తెచ్చి వేయు ఒండ్రుమట్టికి తీరము మెఱకయై పెద్ద యోడలు అయిదుమైళ్ల దూరముననే నిలువవలసి వచ్చుటయు దీనికి తోడైనది.

ఉప్పెన మాట. 1864 నవంబరు 1వ తేది రాత్రి తుపాను గాలితో సముద్రము గోడవలె లేచి యూరిమీద పడినది. బందరులోను, చుట్టుపట్ల గ్రామములలోను సుమారు 30,000 మంది చనిపోయిరని ప్రభుత్వ గ్రంథములు చెప్పుచున్నవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెన ఇచటి పెద్దలకు కన్నుల యెదుటి సంగతి. 1864 నాటివారిని మాత్రము ఎవరును తలచుట లేదు. నేను నాలుగు దినములు తిరిగిన వీథులలో ఆ ముప్పదివేలమందిలో ఒక్క సామాన్యుని పేరుగల రాయియైనను నా కంటబడలేదు. ఒక్క రాత్రిలో అంత జనము పోయిన యూరిలో, ఆ తేదినాడు ఒక్క గంటయైనను మ్రోగవలదా?

నాలుగవ దినము సముద్రమును చూచితిని. ఊరికి 11 కిలోమీటర్ల దూరముననున్న మంగినపూడి తీరము నల్లని బంకమట్టితో నుండును. అల మెల్లగ వచ్చును. చాల దూరము నడచినను మోకాటిలోతే. కార్తికమున కాలు పెట్టుటకు చోటులేని యా తీరమున ఆ యుదయము ఒక కుక్కయు, బఠాణీలు వేయించు నొక ముసలమ్మయు తప్ప ఎవరును లేరు. బేరము లేకున్నను పొయ్యి యెందుకు రాజవేసితివమ్మా యని యడిగితిని. "నువ్వొచ్చావుగా నాయనా," అని పొట్లము కట్టి యిచ్చినది.

బందరునకు మఱల పెద్దరేవు రానున్నది. దీనికి శంకుస్థాపన 2008లో నొకసారి, 2019లో నొకసారి, 2023లో నొకసారి జరిగినది. ఒకే రేవునకు మూడు పునాదిరాళ్లు! రాళ్లపై పేర్లు చెక్కించుకొను విద్యలో మనము డచ్చివారికి తీసిపోలేదు. అయినను 2023 తరువాత పని నిజముగ సాగినది. నేను దీనిని సంతోషముతోనే వ్రాయుచున్నాను. తీరమును పోగొట్టుకొన్న జాతి దానిని మఱల చేజిక్కించుకొనుటకంటె శుభమేమున్నది? అడుగవలసిన ప్రశ్న యొక్కటే. పూర్వపు టోడలు బందరు గుడ్డ కొఱకు వచ్చెడివి. రాబోవు ఓడలు బందరు తీరమునుండి దేనినో యెత్తుకొని పోవును. అందులో బందరువాని చేతిపని యెంత? పెడన కాలువలో నీరు శుభ్రముగ నుండవలెను. చేతి యద్దకమునకును తెర యద్దకమునకును కొనువానికి తెలియునట్లు వేర్వేఱు ముద్రలు కావలెను. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున మన తీరపు అద్దకపు వస్త్రములను అద్దములలో దాచి చూపుచున్నారు. వానిని నేర్చిన యూరిలో బిడ్డలు చూచుటకు ఒక్క గదియైనను కట్టవలెను. కోటలోని తుమ్మపొదలను నఱకించుటకు పెద్ద నిధులు కావలసినపని లేదు.

ఆ సాయంకాలము గిలకలదిండికి పోయితిని. పడవలు వరుసగ కట్టియున్నవి. సముద్రము పోటుమీద నుండుటచే చాలమంది వేటకు పోలేదు. ఒక ముసలి పల్లెకారు పడవనీడను కూర్చుండి వల బాగుచేసికొనుచుండెను. "ఓడలు వస్తాయటగా, తాతా?" అంటిని. అతడు తల యెత్తక, "వస్తే మంచిదే బాబూ. మా మనవడు డిగ్రీ చదివాడు, వాడికి ఉద్యోగం వస్తుందంటున్నారు," అనెను. కొంతసేపు ఊరకుండి, "నా పడవ ఎక్కడ కట్టుకోవాలో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు," అని వలలో తెగిన కన్ను వెదకికొనెను.